చప్పుడు ఆగిన చోట కనిపించిన కొత్త స్థితి

అంచెట్టి, తళి, డెంకణికోట ప్రాంతాల తెలుగు బడుల పిల్లలకు మేము పరిచయం చేయదలచిన శాస్త్రవేత్త షార్ల్ కన్యార్ ద లా తూర్. 1819లో ధ్వని కంపనాలను లెక్కించే పరికరం చేసి, దానికి సైరన్ అని పేరు పెట్టింది ఆయనే.

ఆయన 1777లో పారిస్‌లో పుట్టారు. ఎకోల్ పాలిటెక్నిక్‌లో చదివారు. 1822లో ఒక తుపాకీ గొట్టంలో కొంత ఆల్కహాల్ పోసి, చెకుముకిరాతి గుండు వేసి, మూసి వేడి చేశారు. గొట్టాన్ని అటూ ఇటూ వంచితే గుండు ద్రవంలో పడే చప్పుడు వినిపించేది. వేడి ఒక హద్దు దాటగానే ఆ చప్పుడు ఆగిపోయింది. లోపల ద్రవం, ఆవిరి అనే తేడా చెరిగిపోయింది. తర్వాత మందపాటి గాజు గొట్టాల్లో ఆ మార్పును కళ్లతోనూ చూశారు. నీటితో చేస్తే అది గాజునే కరిగించసాగింది. మూసిన గొట్టం పేలిపోగలదు కనుక ఇది బడిలో చేసే ప్రయోగం కాదు.

1828లో కృత్రిమ వజ్రాలు చేశానని ఆయన ప్రకటించారు. పరీక్షిస్తే అవి వజ్రాలు కావని తేలింది. అయినా పరిశోధన మానలేదు. ఈస్ట్ ఒక జీవి అని 1830లలో చూపిన తొలివారిలో ఆయన ఒకరు. 1859లో కన్నుమూశారు.

ఆయన చూసిన హద్దుకు 1869లో బెల్‌ఫాస్ట్ ఆచార్యుడు థామస్ ఆండ్రూస్ పేరు పెట్టారు. కార్బన్ డయాక్సైడ్‌కు అది సుమారు 31 డిగ్రీలు, నీటికి 374 డిగ్రీలు.

గాజును కరిగించిన ఆ గుణమే నేడు స్ఫటికాల తయారీకి పనికొస్తోంది. గడియారాల్లోని క్వార్ట్జ్ కోసం, గట్టి ఉక్కు పాత్రలో ఆ హద్దుకు దగ్గరగా వేడెక్కిన నీరు ముడి క్వార్ట్జ్‌ను కరిగించుకుంటుంది. కాస్త చల్లగా ఉన్న వైపు వేలాడదీసిన విత్తన స్ఫటికంపై అది పొరలు పొరలుగా పేరుకుంటుంది. వారాల తరబడి నెమ్మదిగా పెరిగితేనే లోపాలు తక్కువ. మందుల తయారీలో కార్బన్ డయాక్సైడ్‌ను వాడితే, పీడనం తగ్గించగానే అది వాయువుగా వెళ్లిపోయి సన్నని స్ఫటికాలు మిగులుతాయి.

తెలుగు పాఠాల్లో ఆ హద్దు పేరు సందిగ్ధ ఉష్ణోగ్రత. ద్రవమో వాయువో తేల్చలేని స్థితి అని ఆ మాటే చెబుతుంది. తెలుగులో చదివితే సైన్స్ అందదేమోనని జంకే తల్లిదండ్రులు ఈ ఒక్క మాటను పిల్లలతో పలికించి, అర్థం అడిగి చూడాలని మా మనవి.