లెక్క చేరని చోటికి కథ చేరింది

ఉద్యోగంలో ఉండగా ఎన్నో సర్క్యులర్లు చదివాను. కానీ సీనియర్లు చెప్పిన కథలే నాకు పని నేర్పాయి. అందుకే ఈ ప్రత్యేక సంచికకు గురజాడ అప్పారావుగారి జీవితాన్ని ఎంచుకున్నాను.

ఆయన 1862లో అప్పటి విశాఖ జిల్లా రాయవరంలో జన్మించారు. మనవలెనే ఉద్యోగి. విజయనగరంలో ఉపాధ్యాయుడిగా, గుమాస్తాగా, కళాశాల లెక్చరరుగా, సంస్థాన శాసన పరిశోధకుడిగా పనిచేశారు.

సొమ్ము పుచ్చుకుని పసిపిల్లలకు పెళ్లి చేసే ఆచారంపై మహారాజా ఆనంద గజపతిగారు జాబితా తీయించగా విశాఖ జిల్లాలో మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు తేలాయి. చదివే అలవాటు లేని జనానికి ఈ సంగతి చేరాలంటే రంగస్థలమే దారి అని అప్పారావుగారు తలచి ‘కన్యాశుల్కం’ రాశారు. 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. 1910లో వచ్చిన ‘దిద్దుబాటు’ భర్తను దెబ్బలాడకుండా దారికి తెచ్చిన భార్య కథ.

1913లో రిటైరైనా ఊరుకోలేదు. చదువులో వాడుక భాష ఉండాలని 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. అప్పటికి ఆ వాదం నెగ్గలేదు. 1915 నవంబరు 30న కన్నుమూశారు. తరువాతి కాలంలో పాఠ్యపుస్తకాలలోకి వచ్చింది ఆ వాడుక భాషే.

సభ్యులకు నా మనవి: పోర్టులోనో, స్టీలుప్లాంటులోనో మీరు నేర్చిన పనిని, తప్పించిన ప్రమాదాలను కొత్తవారికి కథలుగా చెప్పండి. వీలైతే రాసి మన పత్రికకు పంపండి.