ఉలి విడువని యోగి.. ఆలుబిడ్డలను వీడని గురువు

బ్రహ్మంగారిమఠం: వైశాఖ మాసం వచ్చిందంటే కడప జిల్లా బ్రహ్మంగారిమఠానికి దారితీసే బాటలన్నీ జనంతో నిండిపోతాయి. వైశాఖ శుద్ధ దశమి పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ఆరాధన దినం. రాయలసీమ పల్లెల నుంచే గాక కోస్తా, తెలంగాణ, కర్ణాటక ప్రాంతాల నుంచి భక్తులు తరలివస్తారు. వారిలో అధికులకు ఆయన కాలజ్ఞాన కర్తగానే పరిచయం. కానీ ఆయన చేతివృత్తినే నమ్ముకుని బతికిన వడ్రంగి. ఆలుబిడ్డలతో కాపురం చేసిన గృహస్థు. ఆయన జీవితానికి అసలు బలం ఈ రెండింటిలోనే ఉంది.

వీరబ్రహ్మం 17వ శతాబ్దానికి చెందినవారని పలువురి అభిప్రాయం. ఆయన జీవిత విశేషాలు మఠ సంప్రదాయం ద్వారా, తాళపత్రాల ద్వారా, తంబుర మీటుతూ పాడే తత్త్వాల ద్వారా తరతరాలుగా అందుతూ వచ్చినవే. విశ్వబ్రాహ్మణ కుటుంబంలో జన్మించిన ఆయనను కర్ణాటకలోని పాపఘ్ని మఠాధిపతి వీరభోజయాచార్యులు, వీరపాపమాంబ దంపతులు పెంచి పెద్దచేశారు. పెంపుడు తండ్రి గతించిన అనంతరం, మఠాధిపత్యం తనకోసం సిద్ధంగా ఉన్నప్పటికీ దానిని కాదని, తల్లి అనుమతితో దేశాటనకు బయలుదేరారు.

బనగానపల్లెలో పశువుల కాపరి

అలా తిరుగుతూ ఆయన చేరిన ఊరు బనగానపల్లె. నాటి నుంచి మొన్నటి వరకు కర్నూలు సీమగా పిలిచిన ఈ ప్రాంతం 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరింది. ఇక్కడ గరిమిరెడ్డి అచ్చమ్మ అనే గృహిణి ఇంట వీరబ్రహ్మం పశువుల కాపరిగా కుదిరారు. రోజూ ఆవులను రవ్వలకొండకు తోలుకెళ్లి, వాటి చుట్టూ గిరి గీసి, తాను గుహలో కూర్చుని తాటాకులపై కాలజ్ఞానం రాసేవారని ప్రతీతి. గిరి దాటని ఆవులను, గుహలో రాతలో మునిగిన కాపరిని కళ్లారా చూసిన అచ్చమ్మ పనివాడిని గురువుగా స్వీకరించింది. యజమానురాలు పాలేరుకు మొక్కడం ఆ కాలపు సమాజంలో సామాన్య విషయం కాదు. ఆయన రాసిన తాటాకు గ్రంథాలను అచ్చమ్మ ఇంట పాతర వేసి, పైన చింతమొక్క నాటారని బనగానపల్లె వాసులు నేటికీ చెబుతారు. సమీపంలోని యాగంటి బసవన్న కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడన్న కాలజ్ఞాన వాక్కు ఈ ప్రాంతంలో తెలియనివారు అరుదు.

కందిమల్లాయపల్లెలో కొయ్యపని

అచ్చమ్మకు ఉపదేశం చేశాక వీరబ్రహ్మం అక్కడే పీఠం పెట్టుకుని కూర్చోలేదు. కడప సీమలోని కందిమల్లాయపల్లె చేరి కులవృత్తి చేపట్టారు. వాననే నమ్ముకున్న మెట్ట పల్లెల్లో వడ్రంగి లేనిదే సేద్యం సాగదు. తొలకరికి ముందే నాగళ్లు, గొర్రులు, గుంటకలు సరిచేయాలి. బండి చక్రం విరిగినా, ఇంటికి ద్వారబంధం నిలపాలన్నా ఆయన గడప తొక్కవలసిందే. ఇందుకు ప్రతిఫలం కళ్లంలో రైతు కొలిచే మేర గింజలే. పంట పండితే వృత్తిదారుడి ఇంట గింజ, ఎండితే ఆ ఇంటా పస్తే. కరవు సీమలో వృత్తిదారుల బతుకు అది. కాలజ్ఞానంలో కరవులు, ఆకలి, తారుమారయ్యే లోకరీతులు అంతగా కనిపించడానికి ఈ అనుభవం కూడా కారణం కావచ్చు.

ఊరి పెద్దలు పోలేరమ్మ జాతరకు చందా అడగవచ్చి ఈ పేద వడ్రంగిని చులకన చేసిన కథ ఊరూరా వినిపిస్తుంది. ఆయన చుట్ట ముట్టించుకోవడానికి నిప్పు తెమ్మని పోలేరమ్మనే పిలవగా, అమ్మవారు నిప్పు తెచ్చి ఇచ్చిందని, పెద్దలు తల వంచారని ఆ కథనం. మహిమను నమ్మినా నమ్మకున్నా, శ్రమజీవి ఆత్మగౌరవాన్ని పల్లె జనం ఈ కథలో పదిలపరచుకున్నారు.

సంసారమే సాధన

పెద్దకొమెర్ల గ్రామానికి చెందిన శివకోటయ్య కుమార్తె గోవిందమ్మను వీరబ్రహ్మం వివాహమాడారు. కుమారులు, కుమార్తె వీరనారాయణమ్మ కలిగారు. భార్యాబిడ్డలను అడ్డంకిగా భావించి అడవికి వెళ్లిన యోగులు ఎందరో ఉన్నారు. ఈయన పగలు పనిముట్లతో, రాత్రి శిష్యులతో, నిత్యం ఇంటివారితో గడిపారు. గోవిందమ్మ వండిపెట్టిన ఇంటిలోనే శిష్యులకు బోధ సాగింది.

ఆ శిష్యుల్లో ముడుమాల గ్రామానికి చెందిన దూదేకుల యువకుడు సైదులు ముఖ్యుడు. కన్నవారు అడ్డుచెప్పినా, పాలకుల ఎదుట పరీక్షకు నిలిపినా గురువును వీడలేదు. సిద్ధయ్యగా ప్రసిద్ధికెక్కాడు. మాదిగ కులస్థుడైన కక్కయ్యకూ అదే ఇంట ఆదరణ లభించింది. కులమత భేదాలు వద్దని చెప్పడం సులభం. వారిని ఇంటిమనుషులుగా చూసుకోవడం కష్టం. వీరబ్రహ్మం దంపతులు ఆ కష్టమైన పనే చేశారు.

కడపటి వీడ్కోలు

సజీవ సమాధికి సమయం నిర్ణయించుకున్న వీరబ్రహ్మం, ఎడబాటు తాళలేడన్న తలంపుతో సిద్ధయ్యను పూలకోసం బనగానపల్లెకు పంపారని చరిత్ర చెబుతుంది. తిరిగివచ్చి కుమిలిపోయిన శిష్యుడికి తన దండం, కమండలం, పాదుకలు దక్కేలా చేశారు. కన్నీరుమున్నీరైన గోవిందమ్మకు మాత్రం ఒక మాట అప్పగించారు. తనకు మరణం లేదు గనుక ఆమె పసుపు కుంకుమలు, గాజులు తీయరాదన్నది దాని సారాంశం. భర్త పోయిన స్త్రీని శుభకార్యాలకు దూరంగా ఉంచే రోజుల్లో, భార్య తన వెనుక తల దించుకుని బతకరాదన్న తపన అందులో కనిపిస్తుంది. ఇరుగుపొరుగు ఆమెను ఎలా చూస్తారన్న దిగులు కాపురం చేసిన మనిషికే కలుగుతుంది.

ఆయన ఇంటి గౌరవం తర్వాతి తరాల్లోనూ నిలిచింది. కుమారుడు గోవిందయ్య కుమార్తె ఈశ్వరమ్మ యోగినిగా పేరుపొంది, తాత బోధనలను ఊరూరా ప్రచారం చేసింది. ఒక స్త్రీ గురుస్థానంలో నిలిచి పురుషులకు ఉపదేశం చేయడం నాడు అరుదైన సంగతి. ఆమె సమాధి సైతం బ్రహ్మంగారిమఠంలోనే పూజలందుకుంటోంది. ముడుమాలలో సిద్ధయ్య మఠం ఉంది.

కందిమల్లాయపల్లె పేరు క్రమేణా మరుగునపడి, ఊరు, మండలం కూడా బ్రహ్మంగారిమఠంగానే స్థిరపడ్డాయి. తెలుగుగంగ పథకంలో భాగంగా సమీపంలో నిర్మించిన జలాశయానికి బ్రహ్మంసాగర్ అని నామకరణం చేశారు. 1984లో నందమూరి తారకరామారావు ఆయన పాత్ర ధరించిన చిత్రం విడుదలై, ఆ కథ తెలుగునాట ఇంటింటికీ చేరింది. మఠంలో ఆయన నివసించిన ఇల్లు, ఒక్క రాత్రిలో తవ్వారని చెప్పే బావిని యాత్రికులు దర్శిస్తారు.

లోకంలో ఏ వింత జరిగినా అది కాలజ్ఞానంలో ఉందా అని వెతకడం పరిపాటి అయింది. యంత్రాల రాకతో పల్లెల్లో కొయ్య నాగళ్లు మూలకు చేరి, కొలిమి చల్లారి, వడ్రంగులు పట్టణాల బాట పట్టిన ఈ కాలంలో ఆయన జోస్యం కన్నా జీవితమే ఎక్కువ గుర్తుచేసుకోదగినది. చేసే పని చిన్నది కాదు, కట్టుకున్న ఇల్లు బంధనం కాదు, గడపలోకి వచ్చిన మనిషి పరాయివాడు కాదు అని ఆయన బతికి చూపించారు.