గుంటూరు డాక్టరమ్మ సిస్టర్ మేరి గ్లౌరీ

మేరి గ్లౌరీ 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జన్మించారు. 1910లో మెల్బోర్న్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, ప్రాక్టీసు పెట్టారు. 1915లో డాక్టర్ ఆగ్నెస్ మెక్లారెన్ జీవితాన్ని గూర్చిన చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. పురుష వైద్యుని వద్దకు వెళ్లలేక భారతదేశంలో తల్లులూ బిడ్డలూ మరణిస్తున్నారని చదివి, దేవుడు తనను పిలుస్తున్నాడని గ్రహించారు. ప్రసూతి, స్త్రీ వ్యాధులు, నేత్ర వైద్యాలలో 1919లో ఎం.డి. పొంది, 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. సభలో చేరారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆనాటి శ్రీసభ చట్టం ప్రకారం, ప్రత్యేక అనుమతి లేనిదే మఠవాసులు వైద్యం గాని శస్త్రచికిత్స గాని చేయరాదు. పదిహేనవ బెనెడిక్టు పోపుగారు ఆమెకు ఆ అనుమతి ప్రసాదించారు. మఠకన్యలు వైద్యవిద్య అభ్యసించేందుకు రోము నగరం 1936లో గాని ద్వారం తెరువలేదు.

ఆపరేషనంటే ఒక్కరి పని కాదు. మత్తు ఇచ్చి శ్వాసను కనిపెట్టేవారు ఒకరు, పరికరాలు మరగబెట్టి అందించేవారు ఒకరు, రాత్రంతా రోగి చెంత మేల్కొనేవారు ఒకరు కావాలి. అందుకే ఆమె తాను వైద్యం చేయడంతో ఆగక స్థానిక యువతులను నర్సులుగా, మంత్రసానులుగా, కాంపౌండర్లుగా తీర్చిదిద్దారు. చిన్న డిస్పెన్సరీ సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రిగా ఎదిగింది. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు.

1957 మే 5న బెంగుళూరులో ప్రభువు సన్నిధి చేరారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

తల్లిదండ్రులారా, మీ అమ్మాయి నర్సింగుకు వెళతానంటే వెనుకాడకండి. అదీ దేవుని పిలుపే కావచ్చు.