జర్మన్ షెపర్డ్‌కు ప్రాణం పోసిన కెప్టెన్: అందం కన్నా పనే ముఖ్యమన్న మనిషి కథ

1899 ఏప్రిల్ 3న జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఒక కుక్కల ప్రదర్శన జరిగింది. అక్కడికి వచ్చిన ఒక మాజీ సైనికాధికారి తోడేలును పోలిన ఓ గొర్రెల కాపరి కుక్క ముందు ఆగిపోయారు. దాని పేరు హెక్టర్ లింక్స్‌రైన్. ఆయన దాన్ని అక్కడికక్కడే కొనేసి, హొరాండ్ ఫాన్ గ్రాఫ్రాత్ అని పేరు మార్చారు. ఇవాళ హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలోనూ పోలీసు డాగ్ స్క్వాడ్లలోనూ కనిపించే జర్మన్ షెపర్డ్‌ల వంశావళి పుస్తకంలో మొదటి నంబరు ఆ కుక్కదే. దాన్ని కొన్న వ్యక్తి మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్.

ఆయన 1864 డిసెంబర్ 30న డ్రెస్డెన్‌లో ఒక కులీన కుటుంబంలో పుట్టారు. అశ్వికదళంలో కెప్టెన్ స్థాయికి ఎదిగారు. మధ్యలో కొంతకాలం బెర్లిన్ పశువైద్య కళాశాలలో పనిచేశారు. జంతువుల శరీర నిర్మాణం, కదలిక, సంతానోత్పత్తి గురించి అక్కడ నేర్చుకున్నదే తర్వాత ఆయనకు పెట్టుబడి అయింది. ఒక నటిని పెళ్లాడాక 1898లో సైన్యం వదిలి, మ్యూనిక్ దగ్గర గ్రాఫ్రాత్‌లోని తన ఎస్టేట్‌లో స్థిరపడ్డారు.

అప్పటికి జర్మన్ షెపర్డ్ అనే ఒకే జాతి లేదు. ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకం కాపరి కుక్క ఉండేది. ఒకచోట చెవులు నిక్కబొడుచుకుంటే, మరోచోట వాలి ఉండేవి. కాపరులకు రూపంతో పనిలేదు. పని చేస్తే చాలు. ఆ పని కూడా చిన్నదేమీ కాదు. కంచెల్లేని పొలాల మధ్య మంద మేస్తుంటే, గొర్రెలు పక్క చేలో పడకుండా కుక్క గట్టు వెంబడి గంటల తరబడి అటూ ఇటూ పరుగెత్తాలి. అంటే, నడిచే కంచె అదే. హద్దు దాటిన గొర్రెను గాయపడకుండా పట్టి వెనక్కి పంపాలి. కాపరి దూరంగా ఉన్నప్పుడు సొంతంగా నిర్ణయం తీసుకోవాలి. పిలవగానే మాట వినాలి.

స్టెఫానిట్జ్‌ను ఆకట్టుకున్నది ఈ స్వభావమే. హొరాండ్‌ను కొన్న 19 రోజులకే, 1899 ఏప్రిల్ 22న, మిత్రుడు ఆర్థర్ మేయర్ తదితరులతో కలిసి జర్మన్ షెపర్డ్ కుక్కల సంఘాన్ని స్థాపించారు. దశాబ్దాల పాటు దానికి అధ్యక్షుడిగా ఉన్నారు. తెలివి, పనికొచ్చే గుణం ముందు, అందం ఆ తర్వాతే అన్నది ఆయన పెట్టిన నియమం. పని చేయలేని కుక్క ఎంత ముచ్చటగా ఉన్నా ఆయన దృష్టిలో షెపర్డ్ కాదు.

పరిశ్రమలు పెరిగి, గొర్రెల మందలు తగ్గుతున్న కాలమది. పని పోతే స్వభావమూ పోతుందని ఆయనకు తెలుసు. అందుకే ఈ కుక్కలను పోలీసు శాఖకు, సైన్యానికి పరిచయం చేశారు. విధేయత, వాసన పట్టడం, రక్షణ వంటి పరీక్షలను సంఘం ప్రవేశపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ కుక్కలు సందేశాలు మోశాయి, గాయపడిన సైనికులను వెతికాయి. యుద్ధంలో చూపు కోల్పోయిన వారికి దారి చూపేలా కుక్కలకు శిక్షణ ఇచ్చే పాఠశాల 1916లో ఓల్డెన్‌బర్గ్‌లో మొదలైంది. శత్రుదేశం పేరు పలకడం ఇష్టంలేక బ్రిటన్ ఈ జాతిని అల్సేషియన్ అని పిలిచింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ అల్సేషియన్ అనడం వెనక ఉన్నది ఆ యుద్ధమే.

ఆదరణ పెరిగాక జాతికి చేటు మొదలైంది. డబ్బు కోసం, ప్రదర్శనల్లో బహుమతుల కోసం పెంచినవాళ్లు ఎత్తు చూశారు తప్ప గుణం చూడలేదు. కొన్ని కుక్కలు బెదురుగొడ్డులయ్యాయి. దీన్ని సరిదిద్దేందుకు స్టెఫానిట్జ్ 1925 జాతీయ పోటీలో అప్పటి వాటికన్నా పొట్టిగా, పొడవాటి దేహంతో ఉన్న క్లోడో ఫాన్ బాక్స్‌బర్గ్‌ను విజేతగా ఎంచారు. పిల్లల్ని కనడానికి తగిన కుక్కేదో తేల్చేందుకు శరీరంతోపాటు స్వభావాన్నీ పరీక్షించే పద్ధతి తెచ్చారు. డజన్ల కొద్దీ కుక్కల్ని బోనుల్లో పెంచడం ఆయనకు నచ్చేది కాదు. మనుషుల మధ్య పెరగని కుక్కకు మనిషి మీద నమ్మకం కుదరదని ఆయన అభిప్రాయం.

ఆయనలో లోపాలూ ఉన్నాయి. తొలినాళ్లలో హొరాండ్ రక్తం కోసం దగ్గరి బంధుత్వమున్న కుక్కల్నే పదేపదే జతకట్టించారు. ఆయన రాతల్లో కుక్కల రక్తశుద్ధి గురించిన మాట, మనుషుల జాతుల గురించిన జర్మన్ జాతీయవాదపు మాటతో కలిసిపోయేది. అయినా నాజీలు ఆయన్ను వదల్లేదు. సంఘంపై పట్టు కోసం వారు తెచ్చిన ఒత్తిడితో 1935లో పదవి నుంచి తప్పుకొన్నారు. 1936 ఏప్రిల్ 22న, సంఘం పుట్టిన తేదీనే, డ్రెస్డెన్‌లో కన్నుమూశారు.

కుక్కను తెచ్చుకోవాలనుకునే కుటుంబానికి ఈ జీవితం చెప్పే సంగతి ఒకటుంది. జాతి స్వభావం అంటే అది తరతరాలుగా చేసిన పని. నీళ్లలోంచి వలలు, వేటపక్షులు తెచ్చిన పూర్వీకుల వారసత్వం వల్ల లాబ్రడార్ దేన్నైనా నోట కరుచుకొస్తుంది. దక్కన్ మైదానాల్లో వేటాడిన ముధోల్ హౌండ్ కదిలేదాన్ని చూస్తే పరుగందుకుంటుంది. హద్దు కాయడానికి పుట్టిన షెపర్డ్ గేటు దగ్గర కొత్తవారిని చూసి మొరుగుతుంది, ఆడుకునే పిల్లల చుట్టూ తిరిగి వారిని ఒకచోటికి చేరుస్తుంది. అది పొగరు కాదు, పని లేని పనివాడి తపన.

అలాగని పుట్టుకే అంతా కాదు. ఒకే ఈతలో పుట్టిన పిల్లలు కూడా ఒకేలా ఉండవు. మూడు వారాల నుంచి దాదాపు మూడు నెలల వయసులో కుక్కపిల్ల ఏ మనుషుల్ని, ఏ శబ్దాల్ని చూసి, విని అలవాటు పడుతుందో అదే దాని ధైర్యానికి పునాది. ఆ తర్వాత రోజూ నడక, వాసన పట్టి వెతికే ఆటలు, సరిగ్గా చేసిన వెంటనే మెచ్చుకోలు, ఇంటిల్లిపాదీ ఒకే మాట, ఒకే నియమం పాటించడం అవసరం. కొట్టి నేర్పితే భయం వస్తుంది. భయపడ్డ కుక్కే కరుస్తుంది.

రోజంతా బాల్కనీలో కట్టేసి, చివరికి కరిచిందని రోడ్డు మీద వదిలేసే కుక్కలు మన నగరాల్లో కనిపిస్తూనే ఉన్నాయి. కొనేముందు దాని ధర, రంగు అడుగుతున్నాం. మన ఇంట్లో దానికి ఏం పని ఇవ్వగలం అన్నది మనల్ని మనం అడుగుకోవాల్సిన ప్రశ్న.