మన్యం కథను ఊళ్లకు చేర్చిన నాజర్

పశ్చిమ ఆఫ్రికాలో గ్రియోలు కోరా మీటుతూ తమవారి చరిత్రను తరతరాలకు అందిస్తారు. తెలుగునాట ఆ పని బుర్రకథ చేసింది. దానికి పేరు తెచ్చిన షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద ఇంట పుట్టారు. భుజాన తంబురా, పక్కన గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ప్రజానాట్యమండలి కళాకారుడిగా పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు చెప్పారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు, 1997లో కన్నుమూశారు.

1922లో మన్యం వీరులు ముట్టడించిన రాజవొమ్మంగి ఠాణా మన సామర్లకోటకు ఉత్తరాన కొండల్లోనే ఉంది. ఆ పోరు కథను మైదానంలో పుట్టిన నాజర్ మైదానం ఊళ్లకు వినిపించారు. రాజు వెంట నడిచిన గంటం దొర, మల్లుదొర మన మన్యం బిడ్డలే. వారి కథ మనమే చెప్పుకోవాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంట్లో పెద్దల దగ్గర కూర్చోండి. వారి పాటలు నేర్చుకోండి.