ఖాళీ అయిన బడి: ఒంగోలు క్లౌ దొరగారు



1957లో అమెరికాలోని లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులు సైనికుల కాపలాతో తెల్లవారి బడికి వెళ్లిన సంగతి మనలో చాలామంది విన్నదే. అటువంటి బడి తగవు మన తెలుగు బాప్తిస్టుల చరిత్ర మొదట్లోనే ఉంది. పొదటూరుపేటలో ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మన పిల్లలకు ఎవరైనా చెప్పామా?

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836లో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టారు. మొదట భూములు కొలిచే పని చేశారు. 1865లో మన దేశం వచ్చి, మరుసటి ఏడు ఒంగోలు చేరారు. ఊరి బ్రాహ్మణ పెద్దలు ఆయనను ఆదరించి, తమ పిల్లలను మిషను బడికి పంపారు. ఇంతలో కొందరు అంటరానివారు బాప్తిస్మము కోరి వచ్చారు. వీరిని చేర్చుకుంటే మా పిల్లలు రారని పెద్దలు కచ్చితంగా చెప్పేశారు. విద్యార్థుల నిరసన అనగానే న్యాయం కోసమే అనుకుంటాము గాని, ఇది వేరుగా ఉంచమని చేసిన నిరసన!

దొరగారు నిజంగానే తికమకపడ్డారు. బడి పోతే పట్టణంలో పలుకుబడి పోయినట్లే. ఒక గదిలో ఆయన బైబిలు తెరిస్తే కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం, 26వ వచనం కనబడింది. వేరొక గదిలో దొరసాని హారియెట్ గారికీ అదే భాగం తటస్థించింది. దేవుడు ఎన్నికలేనివారిని ఏర్పరచుకొనెనను మాట అది. వచ్చినవారిని చేర్చుకున్నారు. పై కులాల పిల్లలు బడి మానేశారు.

చెప్పులు కుట్టే మాదిగ కుటుంబీకుడు ఎర్రగుంట్ల పేరయ్యగారు 1866లోనే బాప్తిస్మము పొంది, ఊరూరా తిరిగి సువార్త చెప్పారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. 1876-78 కరువులో దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించారు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మములు ఆపేశారు. కరువు తీరాక, 1878 జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇచ్చినది మన తెలుగు బోధకులే. ఆరుగురు, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకొని.

హారియెట్ గారి మరణానంతరం దొరగారు ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడి, 1910లో అమెరికాలో కన్నుమూశారు. ఎమ్మాగారి తమ్ముడే వాల్టర్ రౌషెన్‌బుష్. ఆయన పుస్తకం తన ఆలోచనపై గట్టి ముద్ర వేసిందని మన బాప్తిస్టు పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ గారు తరువాత రాసుకున్నారు.