ఆశుతోష ముఖర్జీ

1857వ సంవత్సరమున కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములందు విశ్వవిద్యాలయములు వెలసెను. అవి పేరునకు విద్యాలయములే గాని వాటిలో పాఠము చెప్పువారు లేరు, వినువారును లేరు. ఎక్కడెక్కడి కళాశాలలలోనో చదివినవారికి పరీక్షలు పెట్టుట, ఉత్తీర్ణులైనవారికి పట్టములు పంచుట, ఇంతవరకే వాటి పని. రాజమహేంద్రవరమున చదివిన తెలుగు బాలుడు మద్రాసు విశ్వవిద్యాలయపు పట్టభద్రుడగుచుండెను. కాని ఆ విశ్వవిద్యాలయమున అతనికి గురువనువాడు ఒక్కడును లేడు. ఉన్న విద్యను వల్లించుటయే చదువు. లేనిదానిని కనుగొనుట పడమటి దేశముల వారి పని యని దొరలు తలచిరి, వారిని చూచి మనవారును తలచిరి. పేదయై, పరాధీనయై యున్న దేశమున విశ్వవిద్యాలయము పరిశోధనకు నిలయము కాగలదని తలచి, తలచినదానిని చేసి చూపినవాడు ఆశుతోష ముఖర్జీ.

ఆయన 1864 జూన్ 29వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి గంగాప్రసాదుడు పేరుపొందిన వైద్యుడు, తల్లి జగత్తారిణీదేవి. తండ్రి కుమారుని చదువు విషయమున ధనమునకు వెనుదీయలేదు. ఇంట పుస్తకములకు కొదవ లేకుండెను. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిన తొలిదినములలోనే ఆ బాలుడు యూక్లిడు మొదటి భాగములోని 25వ సిద్ధాంతమునకు క్రొత్త ఉపపత్తి వ్రాయగా, అది ఇంగ్లండులోని గణితపత్రికలో అచ్చుపడెను. 1885లో గణితమునను, మరుసటి యేట ప్రకృతిశాస్త్రములందును ఎం.ఏ. పట్టములు పొందెను. ప్రేంచంద్ రాయ్‌చంద్ విద్యార్థివేతనమును గెలిచెను. ఎడింబరో రాయల్ సొసైటీ తన సభ్యులలో ఒకనిగా ఎన్నుకొనునాటికి ఆయన వయస్సు ఇరువదిరెండేండ్లు. మోంజ్ అను ఫ్రెంచి గణితజ్ఞుని అవకలన సమీకరణమునకు క్షేత్రగణితపరమైన అర్థము చెప్పిన ఆయన వ్యాసమును విదేశీయ పండితులు గౌరవించిరి.

ఇట్టివాడు గణితాచార్యుడు కావలసినదే. కాలేదు. విద్యాశాఖ ఉద్యోగము చూపెను గాని, ఒకే పని చేయు ఐరోపీయునకు ఒక అంతస్తు, భారతీయునకు వేరొక అంతస్తు నియమమై యుండెను. అట్టి కొలువునకు ఆయన ఒప్పుకొనలేదు. విశ్వవిద్యాలయమునకు తొలి భారతీయ వైస్ ఛాన్సలరైన గురుదాస బెనర్జీ ఈ యువకుని కొరకు ఒక పరిశోధక పీఠమును నెలకొల్పవలెనని ధనసేకరణకు పూనుకొనెను. అంత పెద్ద నగరమున అందుకు చాలినంత ధనము సమకూడలేదు. ముఖర్జీ న్యాయశాస్త్రము చదివి 1888లో హైకోర్టు వకీలయ్యెను. 1904లో న్యాయమూర్తి యయ్యెను. పిమ్మట రెండువేలకు పైగా తీర్పులు వ్రాసెను. 1920లో కొంతకాలము ప్రధాన న్యాయమూర్తి స్థానమున కూర్చుండెను. లోకము దీనిని గొప్ప ఉన్నతిగానే చూచెను. గణితశాస్త్రము మాత్రము ఒక పరిశోధకుని పోగొట్టుకొనెను. ఆ లోటును ఆయన మరువలేదు. తనకు దొరకని పీఠమును ఇతరులకు వేయుటయే తరువాతి జీవితకార్యమయ్యెను.

1889లోనే, ఇరువదినాలుగేండ్ల వయస్సున, ఆయన విశ్వవిద్యాలయపు సెనేటులో సభ్యుడై యుండెను. 1904లో కర్జన్ ప్రభువు చేయించిన విశ్వవిద్యాలయ శాసనమును దేశనాయకులు తీవ్రముగా ఎదిరించిరి. అది విద్యను సర్కారు గుప్పిటిలో పెట్టుటకే వచ్చినదని వారి వాదము. వాదము అబద్ధము కాదు. అయితే విశ్వవిద్యాలయములు స్వయముగా ఆచార్యులను నియమించుకొనవచ్చుననియు, గ్రంథాలయములను ప్రయోగశాలలను పెట్టుకొనవచ్చుననియు అదే శాసనమున ఒక నిబంధన కలదు. ప్రభుత్వము దానిని అలంకారముగా చేర్చినదో ఏమో, 1906లో వైస్ ఛాన్సలరైన ముఖర్జీ దానినే ఆధారముగా పట్టుకొనెను. 1914 వరకు వరుసగా ఎనిమిదేండ్లు ఆ పదవిలో నుండెను. ఉదయము విశ్వవిద్యాలయపు పని, పగలు న్యాయస్థానము, సాయంకాలము మరల విశ్వవిద్యాలయము. ఆ పదవికి జీతము లేదు.

ఆ రోజులలోనే ఆయన ఇంట వేరొక పరీక్ష నడచెను. పెద్దకుమార్తె కమల బాల్యముననే వితంతువయ్యెను. 1908లో ఆయన ఆమెకు పునర్వివాహము చేసెను. కులమువారు నిందించిరి. వీరేశలింగము పంతులుగారి కాలమున రాజమహేంద్రవరమున ఏమి జరిగెనో తెలిసినవారికి ఇది ఎంతటి సాహసమో వేరుగా చెప్పనక్కరలేదు.

విజ్ఞానశాస్త్ర కళాశాలకు ధనము కావలసియుండెను. ప్రభుత్వము ఈయలేదు. ఇచ్చినవారు ఇద్దరు న్యాయవాదులు. తారకనాథ పాలిత్ 1912లో సొమ్మును, భూములును కలిపి సుమారు 15 లక్షల రూపాయల విలువగల ఆస్తిని ధారపోసెను. రాసబిహారీ ఘోష్ 1913లో 10 లక్షలిచ్చెను, తరువాతను ఇచ్చెను. వీరు జమీందారులు కారు. వాదించి గడించిన సొమ్మును ప్రయోగశాలల కిచ్చినవారు. తమ పేరిటి ఆచార్యపీఠములు భారతీయులకే చెందవలెనని వారు షరతు పెట్టిరి. వెనుక ముఖర్జీకి ద్వారము మూసిన జాతిభేదమునకు ఇది సమాధానము. 1914 మార్చి 27న అప్పర్ సర్క్యులర్ రోడ్డున కళాశాలకు శంకుస్థాపన జరిగెను. మరి కొద్దిదినములకే ఆయన పదవీకాలము ముగిసెను. అయినను కళాశాల పగ్గములు ఆయన చేతినుండి జారలేదు.

భవనములు కట్టుట ధనముగలవారికి సాధ్యమే. మనుష్యులను గుర్తించుటలోనే ముఖర్జీ గొప్పతనము బయల్పడెను. రసాయనశాస్త్రమునకు ప్రఫుల్లచంద్ర రాయ్ వచ్చెను. భౌతికశాస్త్రపు పాలిత్ పీఠమునకు చంద్రశేఖర వేంకటరామన్‌ను పిలిచెను. రామన్ అప్పుడు ఆర్థికశాఖలో పెద్ద ఉద్యోగి. పగలు కచేరీలో లెక్కలు చూచుకొని, ఉదయ సాయంకాలములందు బౌబజారు వీధిలోని విజ్ఞానసంస్థలో ప్రయోగములు చేయుచుండెను. పీఠమును స్వీకరించువాడు విదేశమున శిక్షణ పొందవలెనని నియమ ముండెను. అందుకు రామన్ అంగీకరింపలేదు. ముఖర్జీ నియమమును సడలింపజేసెను గాని మనిషిని వదలలేదు. 1917లో రామన్ ఎక్కువ జీతమును విడిచి తక్కువ జీతమునకు వచ్చెను.

ఇంకను చిన్నవారి కథ ఇంతకంటె ముచ్చటైనది. అప్పుడే ఎం.ఎస్సీ. ముగించిన మేఘనాథ సాహా, సత్యేంద్రనాథ బోసు మొదలగు యువకులు ముఖర్జీని దర్శించి, క్రొత్త భౌతికశాస్త్రమును కళాశాలలో బోధింపవలెనని కోరిరి. బోధించువారెవరు? వారే. అందుకు వారు మొదట నేర్చుకొనవలెను. ఆయన వారికి నెలకు 125 రూపాయల వేతనము నియమించి, తన సొంత గ్రంథాలయపు తలుపులు తెరచెను. సాహా చిల్లర దుకాణము నడుపుకొను పల్లెవాని కుమారుడు. అట్టివానికి ఈ ఆదరణ ఎంతటిదో ఊహింపవచ్చును. యుద్ధకాలమగుటచే జర్మనీ నుండి పత్రికలు వచ్చుట ఆగిపోయెను. శిబ్‌పూర్ కళాశాలలోనున్న బ్రూల్ అను ఆచార్యుని వద్ద జర్మన్ గ్రంథము లున్నవని తెలిసి, వాటిని తెచ్చుకొని, ఆ భాష నేర్చుకొని చదివిరి. ఐన్‌స్టైన్, మింకోవ్‌స్కీల సాపేక్షతా సిద్ధాంత వ్యాసములను వారిద్దరును ఇంగ్లీషులోనికి తర్జుమా చేయగా 1920లో కలకత్తా విశ్వవిద్యాలయమే ప్రకటించెను. నక్షత్రకాంతిని బట్టి అచ్చటి వేడిమిని, అణువుల స్థితిని లెక్కకట్టు సూత్రమును అదే యేట సాహా వెలువరించెను. బోసు 1921లో ఢాకా విశ్వవిద్యాలయమునకు పోయి, 1924లో అచ్చటినుండి ఐన్‌స్టైనుకు పంపిన చిన్న వ్యాసము క్వాంటము శాస్త్రపు పునాదులలో ఒకటయ్యెను. విలువగల యంత్రములు లేని చోట గణితముతోను, కాగితముతోను పనిచేయగలవారికి ముందుగా తావిచ్చుట మంచి ఎత్తుగడ.

ఆయన చూపు ఒక్క విజ్ఞానశాస్త్రము పైననే నిలువలేదు. 1919లో వంగభాషలో ఎం.ఏ. తరగతి నెలకొల్పబడెను, దేశభాషకు పట్టపరీక్షలలో ఉన్నతస్థాన మెందుకని పరిహసించినవారు లేకపోలేదు. 1921లో మైసూరునుండి సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను పిలిపించి తత్త్వశాస్త్ర పీఠమున కూర్చుండబెట్టెను. కలకత్తాలో పదేండ్లు పనిచేసిన రాధాకృష్ణన్ 1931లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వైస్ ఛాన్సలరయ్యెను. కలకత్తాలో రామన్ వద్ద పరిశోధన నేర్చిన సూరి భగవంతము వాల్తేరున భౌతికశాస్త్రమునకు ప్రాణము పోసెను. పాలిత్, ఘోష్‌ల స్థానమున ఇచ్చట జయపుర మహారాజు విక్రమదేవవర్మ ఏటేట లక్ష రూపాయలిచ్చి విజ్ఞానశాస్త్ర కళాశాలను నిలిపెను. ఆ విధముగా గంగాతీరపు ప్రయత్నము ఆంధ్రతీరమునను కొంత ఫలించినది.

ముఖర్జీ నిందకు అతీతుడు కాడు. పరీక్షలు సులభము చేసెననియు, ఆదాయము చూడక శాఖలు విస్తరించెననియు, అంతయు తన ఇష్టముననే నడిపెననియు ఆయనను ఆక్షేపించినవారిలో యదునాథ సర్కారు వంటి మహాపండితులు కలరు. ఇందు కొంత నిజము లేకపోలేదు. స్వదేశోద్యమ దినములలోను, సహాయ నిరాకరణ దినములలోను విద్యార్థులు సర్కారు కళాశాలలను విడువవలెనని నాయకులు పిలుపునీయగా ఆయన అందుకు సమ్మతింపలేదు. ఆయనను ప్రభుత్వపక్షపాతి యన్నవారును ఉండిరి.

ఆ మాటకు సమాధానము 1922లో దొరకెను. 1921లో ఆయన మరల వైస్ ఛాన్సలరగునప్పటికి ఖజానా ఖాళీగా నుండెను. ఆచార్యుల జీతములు నెలల తరబడి నిలిచిపోవుచుండెను. బెంగాలు ప్రభుత్వము రెండున్నర లక్షల రూపాయలిచ్చుటకు ముందుకు వచ్చెను, కాని విశ్వవిద్యాలయపు వ్యయమును, వ్యవహారమును తన అదుపులో నుంచుకొను షరతులతో. సొమ్ము తీసికొనినచో ఆకలి తీరును. తీసికొననిచో ఇన్నేండ్లుగా కూర్చిన పండితమండలి చెదరిపోవచ్చును. ఇచ్చిన చేయి రేపు ఎవరిని నియమింపవలెనో, ఏమి బోధింపవలెనో చెప్పకుండ ఊరకుండదని ముఖర్జీ ఎరుగును. డిసెంబరు నెలలో సెనేటు ఆయన మాటపై ఆ సహాయమును త్రోసిపుచ్చెను. జీతములు రాని ఆచార్యులే ఆయన పక్షమున నిలిచిరి. ఎందరి ఇండ్లలో ఆ నెల పొయ్యి సరిగా రాజలేదో చరిత్రకారులు వ్రాయలేదు.

1923 మార్చిలో గవర్నరు లిట్టన్ ప్రభువు ఆయనకు లేఖ వ్రాసెను. పదవి పొడిగింపవచ్చునట, అయితే ఇకపై ప్రభుత్వమును ప్రతిఘటింపక, దానితో కలసి నడువవలెనట. రెండు దినములలోనే ముఖర్జీ సమాధానము పోయెను. అవమానకరమైన ఆ షరతునకు లోబడి పదవి నుంచుకొనుటకు ఆయన నిరాకరించెను. ఆ సంవత్సరారంభముననే కుమార్తె కమల మరణించి యుండెను. ఆమె పేర ఏటేట ఉపన్యాసము లిప్పించుటకు విశ్వవిద్యాలయమున ఒక నిధి నేర్పరచెను.

న్యాయమూర్తి పదవినుండి విరమించి ఆయన మరల న్యాయవాదవృత్తిని చేపట్టెను. డుమ్రావ్ సంస్థానపు దావా వాదించుటకు పాట్నా వెళ్ళి, అచ్చటనే 1924 మే 25న అరువది నిండకముందే కన్నుమూసెను. దేహమును రైలులో కలకత్తాకు తెచ్చిరి. ఊరు ఊరంతయు వీధులలో నిలిచెను. మరి నాలుగేండ్లకు, 1928 ఫిబ్రవరిలో, పాలిత్ ఆచార్యుడైన రామన్ తన పేరిట ప్రసిద్ధమైన కాంతిధర్మమును కనుగొనెను. 1930లో నోబెలు బహుమానము పొందెను.

ఆయన ధనమేమి కూడబెట్టెనో గాని, పుస్తకములు మాత్రము ఎనభైవేలకు పైగా కూడబెట్టెను. గణితము, న్యాయము, చరిత్ర, సాహిత్యము, పలు భాషల నిఘంటువులు, సాహా బోసులు చదివిన పత్రికలు అందులో నుండెను. భవానీపురములోని ఇంట గోడ కనబడని గదులు పెక్కు. 1949లో కుటుంబమువారు ఆ గ్రంథము లన్నిటిని కలకత్తాలోని జాతీయ గ్రంథాలయమున కిచ్చివేసిరి. అచ్చట అవి తక్కిన పుస్తకములలో కలిసిపోకుండ ఆశుతోష సంచయమను పేర ప్రత్యేకముగా ఉంచబడెను.